పేరు అడగకండి, ముచ్చట అడగండి

అమ్మా, మీరు రాసింది ఇదీ. బాబు ఎనిమిదో తరగతి, హనుమకొండలో హాస్టల్లో ఉంటున్నాడు. దసరా సెలవులకు ఇంటికొచ్చి స్నానానికి చొక్కా విప్పితే రెండు చేతులకూ భుజాల కింద నల్లగా కమిలి ఉంది. అడిగితే "ఆడుతుంటే పడ్డ" అన్నాడు. అదే హాస్టల్లో ఉండే మీ అక్క కొడుకును అడిగితే నేల చూపులు చూశాడు. మీ ఆయన "మగపిల్లలన్నాక ఇవన్నీ ఉంటయి, వాణ్ని ఆడపిల్లను చెయ్యకు" అన్నాడు. ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లాలా, బాబుతో నిజం ఎట్లా చెప్పించాలి అని మీ ప్రశ్న.

పడితే మోకాళ్లు, మోచేతులు, అరచేతులు గీసుకుపోతాయి. భుజానికీ మోచేతికీ మధ్య కండ మీద, అదీ రెండు వైపులా మామూలుగా కమలదు. అది పిడికిలి పడే చోటు. నేను పరకాల, నర్సంపేట వైపు బడుల్లో పీఈటీగా, అంటే ఆటల సారుగా చేసి రిటైరయ్యాను. మధ్యలో కొన్నేళ్లు హాస్టల్ బాధ్యత కూడా చూశాను. పీఈటీ ముందు పిల్లలు చొక్కాలు విప్పుతారు కాబట్టి లెక్కల సారుకు కనపడనివి మాకు కనపడతాయి. (లెక్కల సారు మా పీరియడ్ లాక్కోని రోజుల్లో.)

మగపిల్లల హాస్టళ్లలో ఒక ఆట ఉంటుంది. పేరు ఒక్కో చోట ఒక్కోటి. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి వంతులవారీగా ఒకరి చెయ్యి మీద ఒకరు గుద్దుకోవాలి. మొహంలో ఏమీ కనపడకూడదు. "అబ్బా" అన్నవాడు ఓడినట్టు. కళ్లలో నీళ్లు తిరిగినవాడు ఆ నెలంతా అందరికీ దొరికినట్టు. ఇట్లాంటివే ఇంకా ఉన్నాయి: చేతి మీద రబ్బరుతో తోలు లేచేదాకా రుద్దుకోవడం, పుట్టినరోజు నాడు అర్ధరాత్రి నలుగురూ పట్టుకుని వీపు మీదా నడుము మీదా తన్నడం. వాళ్లు దాన్ని బర్త్‌డే బంప్స్ అంటారు, తన్నించుకున్నవాడే తర్వాత కేకు తినిపించాలి. చేసేవాళ్లు వీటిని హింస అనుకోరు. చేయించుకునేవాడు కూడా మొదట్లో అనుకోడు. తనను లెక్కలోకి తీసుకున్నారని లోపల సంతోషపడతాడు కూడా. ఈ సంతోషం సంగతి పెద్దలకు అర్థం కాదు, అందుకే మన మాటలు వాళ్లకు ఎక్కవు.

ఇద్దరూ సమానంగా గుద్దుకుంటే అది పందెం. ఒకడే కొడుతూ ఇంకొకడే తింటూ ఉంటే పందెం కాదు. మీ బాబుది ఏదో నాకు ఇక్కడి నుంచి తెలియదు. కమిలిన చోట్లు ఇంకోసారి చూడండి. రంగును బట్టి ఏ రోజు దెబ్బో చెప్పలేం గానీ, కొన్ని నల్లగా, కొన్ని పసుపుపచ్చగా మారుతూ ఉంటే అవి ఒక్కనాటివి కాకపోవచ్చు. వాడి పిడికిలి కణుపులు కూడా చూడండి. వాడూ కొట్టి ఉంటే అక్కడా ఎంతో కొంత ఎరుపు ఉండొచ్చు.

ఇప్పుడు వాడు ఎందుకు చెప్పడం లేదో చెప్తాను. ఆ వయసు మగపిల్లలు నలుగురు ఒక గదిలో ఉంటే వాళ్ల మధ్య కొన్ని కట్టుబాట్లు వాటంతటవే పుడతాయి. ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. తప్పినవాడికి ఏం జరిగిందో చూసి మిగతావాళ్లు నేర్చుకుంటారు. నొప్పి బయటపడొద్దు. ఇంటి మీద బెంగ ఉందని అనొద్దు. చేరిన మొదటి వారం దుప్పట్లో ఏడవనివాడు హాస్టల్లో అరుదు, ఏడ్చానని ఒప్పుకునేవాడు అసలే ఉండడు. ఇంటి నుంచి తెచ్చిన సకినాలు, మురుకులు పెద్ద క్లాసు వాళ్లు ట్రంకు పెట్టె తెరిచి తింటుంటే నవ్వుతూ నిలబడాలి. ఆదివారం పూట చికెన్ ముక్క పక్క కంచంలోకి పోతే "నాకు ఇష్టం లేదన్నా, నేనే ఇచ్చిన" అనాలి. వీటన్నిటికంటే పెద్దది ఒకటుంది. సారుకు గానీ, ఇంట్లోగానీ పేరు చెప్పకూడదు. చెప్పినవాడు చాడీగాడు. ఆ ముద్ర పదో తరగతి ఫేర్‌వెల్ దాకా పోదు, ఒక్కోసారి జూనియర్ కాలేజీకి కూడా వెంట వస్తుంది.

ఆ చివరి మాట జాగ్రత్తగా చూడండి. నిషేధం పేరు మీద. జరిగిన ముచ్చట మీద కాదు. గ్రౌండ్‌లో "ఎవడు కొట్టిండురా" అని గద్దిస్తే అందరూ నేల చూసేవాళ్లు. "ఇది స్టడీ అవర్‌కు ముందా, తర్వాతనా" అని అడిగితే మాత్రం ఎవడో ఒకడు "తర్వాత సార్" అనేవాడు. "రూములనా, బాత్రూముల కాడనా?" "రూముల సార్." "లైట్లు ఆర్పినంక?" "ఆ సార్." అక్కడికి నాకు కావలసింది చాలావరకు దొరికినట్టే. రాత్రి డ్యూటీ ఎవరిదో, ఆ గదిలో ఎవరెవరు పడుకుంటారో రిజిస్టరులో ఉంటుంది. ఆ పిల్లవాడు ఎవరి పేరూ చెప్పలేదు, వాడి కట్టుబాటు వాడు నిలబెట్టుకున్నాడు. అట్లా అడిగితే పిల్లలు అబద్ధం ఆడటం నేను చాలా తక్కువ చూశాను. పేరు అడిగితే మాత్రం నిజాయితీ గల పిల్లలు కూడా మొహం మీదే అబద్ధం ఆడతారు.

ఈ మౌనాన్ని బలపరిచేది కూడా మనమే, ముఖ్యంగా బడి పెద్దలం. కిటికీ అద్దం పగులుతుంది. "పగలగొట్టినోడి పేరు చెప్పేదాకా క్లాసు మొత్తం ఎండలో నిలబడండి" అంటాడు సారు. గంట నిలబడతారు, ఒక్కడూ నోరు విప్పడు. ఆ రోజు సాయంత్రం ఆ క్లాసులో పండగే. పిల్లలకు దానితో అర్థమయ్యేది ఒక్కటే, చెప్పకపోవడమే మొగతనం అని. మర్నాడు అదే క్లాసులో ఒకడిని నలుగురు మూలకు నెడితే, అద్దం విషయంలో నోరు మూసుకున్నవాళ్లంతా ఇక్కడా మూసుకుంటారు. వాళ్ల దృష్టిలో రెండూ ఒకటే.

ఈ కట్టుబాట్లలో మంచి లేదని అనను. దోస్తుకు జ్వరమొస్తే తెల్లవార్లూ తడిబట్ట వేసి కూర్చున్న పోరగాళ్లను చూశాను. ఫీజు కట్టలేని వాడి సంగతి క్లాసులో ఎవరికీ తెలియకుండా తలా కొంత వేసుకుని పరీక్ష ఫీజు కట్టినవాళ్లూ ఉన్నారు. రహస్యం కాపాడటం రానివాడికి అది సాధ్యం కాదు. అందుకే "ఇంట్లో ఏదీ దాచకూడదు" అనే ఉపదేశం ఈ వయసులో పనిచెయ్యదు. ఎవరిని ఇష్టపడుతున్నాడు, ఎవరితో కటీఫ్ అయ్యాడు, ఎక్కడ ఒక బీరు సీసా మూత వాసన చూశాడు, ఇట్లాంటివి వాడి దగ్గరే ఉండనివ్వండి. బీరు సంగతి తర్వాత చూసుకుందాం, ముందు దెబ్బలు.

రహస్యం ప్రాణం మీదికి వచ్చే చోటు ఒకటి మన వైపు ప్రతి ఊరికీ తెలుసు. మా తరానికి ధైర్యం పరీక్ష బాయిలో జరిగేది. నడుముకు ఎండిన సొరకాయ బుర్ర కట్టి ఈత నేర్పేవాళ్లు. వచ్చాక బుర్ర విప్పి గడ్డ మీది నుంచి దుంకాలి, ఆ తర్వాత మోట గిలక మీది నుంచి. దుంకనివాడికి ఆ ఎండాకాలం అంతా పేర్లే పేర్లు. కానీ గడ్డ మీద ఒక కాకనో, చిన్నాయననో కూర్చుని చూస్తూ ఉండేవాడు. బోర్లు వచ్చాక బాయిలు పూడిపోయాయి, పరీక్ష మాత్రం మిగిలింది. ఇప్పుడది ఎస్సారెస్పీ (శ్రీరాంసాగర్ ప్రాజెక్టు) కాకతీయ కాలువలో, ఊరి చెరువులో, నీళ్లు నిండిన క్వారీ గుంటల్లో, పెద్దవాళ్లెవరూ లేకుండా జరుగుతోంది. కాలువ నీళ్లు బాయి నీళ్లలా నిలబడి ఉండవు, అంచులు నున్నగా ఉంటాయి, పట్టుకోవడానికి ఏమీ దొరకదు. ఎండాకాలంలో పేపర్లో వచ్చే వార్తలు మీరూ చూసే ఉంటారు. ఒకడు మునిగిపోతాడు, వెంట వెళ్లినవాళ్లు భయంతో ఇళ్లకు వచ్చి మామూలుగా అన్నం తిని పడుకుంటారు, గట్టు మీద బట్టలు చూసి ఎవరో కనుక్కుంటారు. వాళ్లు చెడ్డ పిల్లలు కాదు. "ఎవ్వలకు చెప్పొద్దు" అని ఒట్టు వేసుకుని వెళ్లినవాళ్లు, ఆ ఒట్టును ఎప్పుడు తెంచాలో వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

మీ ఆయన గురించి కూడా ఒక మాట. ఆయన మాట మీకు కోపం తెప్పించినట్టుంది, న్యాయమే. కానీ ఎనిమిదో తరగతి పిల్లవాడి తండ్రి అంటే ఆయన చిన్నతనం బహుశా 1980లు, 90లలో గడిచి ఉంటుంది. ములుగు, పరకాల, హుజూరాబాద్ వైపు పల్లెల్లో ఆ నక్సలైట్ల రోజులు ఎట్లాంటివో ఆ వయసు వాళ్లను అడగండి. రాత్రి ఎవరో వచ్చి అన్నం తిని వెళ్తారు. పొద్దున పోలీసులు వచ్చి "రాత్రి ఎవరొచ్చిన్రు" అని అడుగుతారు. ఇంట్లో చిన్న పిల్లలకు కూడా నేర్పిన జవాబు ఒక్కటే, "నాకు తెల్వదు." ఒక పేరు నోరు జారితే ఇటు వాళ్లో అటు వాళ్లో ఇంటి మీదికి వచ్చే కాలం. ఆ రోజుల్లో నోరు మూసుకోవడం మొండితనం కాదు, బతకడం. ఆ కాలం పోయింది, అలవాటు పోలేదు. ఎక్కువ మాట్లాడే పిల్లవాడిని చూస్తే ఆ తరం తండ్రులకు ఇప్పటికీ ఏదో టెన్షన్.

దాని ఇంకో ముఖం పత్తి రైతుల ఇళ్లలో చూశాం. 1997-98లో వరంగల్ జిల్లాలో పత్తి పోయి రైతులు ప్రాణాలు తీసుకున్నప్పుడు, కొన్ని ఇళ్లలో అప్పు ఎంతో, ఎవరిదో భార్యకు తెలిసింది ఆ తర్వాతే. పురుగుమందుల షాపు వాడో, వడ్డీకి ఇచ్చినవాడో గుమ్మం ముందు నిలబడితే తెలిసింది. చేను ఎండిపోతున్నా ఇంట్లో "ఏం కాదు తియ్" అన్న మనుషులు వాళ్లు. మీ ఆయనతో గొడవ పెట్టుకోవద్దు గానీ, వీలు చూసి ఈ సంగతి తియ్యండి. "మొగపిల్లలన్నాక" అనే మాట కంటే ఆయన చిన్నప్పుడు హాస్టల్లోనో ఊళ్లోనో తిన్న దెబ్బ ఒకటి బాబు ముందు చెప్తే చాలా పనిచేస్తుంది. నీతి వద్దు, ముచ్చటగా చెప్పాలి. గెలిచిన ముచ్చట కూడా వద్దు. దెబ్బ తిని ఊరుకున్నది, ఎవరికీ చెప్పుకోలేనిది.

బాబుతో ఎట్లా మాట్లాడాలంటే, ముందుగా ఎదురుగా కూర్చోబెట్టకండి. కళ్లలోకి చూసి అడిగితే వాడికి అది పంచాయితీ. బండి మీద వెనక కూర్చున్నప్పుడు, పత్తి చేన్లో పక్క పక్క సాళ్లలో ఉన్నప్పుడు, రాత్రి దాబా మీద పడుకున్నప్పుడు మగపిల్లల నోరు తేలిగ్గా తెరుచుకుంటుంది. అడిగేది కూడా వాడి గురించి కాకుండా హాస్టల్ గురించి అడగండి. "మీ దగ్గర లైట్లు ఎన్నింటికి ఆర్పుతరు? ఆర్పినంక ఏం చేస్తరు? బట్టలు ఎవల బట్టలు వాళ్లే ఉతుక్కుంటరా? కొత్తగ వచ్చినోళ్లను ఎట్ల చూస్తరు?" తర్వాత, "ఎవరని నేను అడగ. ఎప్పటికీ అడగ. ఏం జరుగుతున్నదో, ఎన్ని రోజుల సంది జరుగుతున్నదో గంతే చెప్పు" అనండి. "ఏం కాలే, నువ్వు ఊకో అమ్మా" అంటే ఊరుకోండి. మర్నాడు తనంతట తానే సగం మాట అని ఆపేస్తాడు. ఆ సగం మాటకు "అయ్యో కొడుకా" అని ఏడవొద్దు, అది చాలా ముఖ్యం. మీరు ఏడిస్తే మిమ్మల్ని కాపాడటం కోసం మిగతా సగం మింగేస్తాడు.

"ఎవరికీ చెప్పను" అని మాత్రం మాట ఇవ్వకండి. వాడు ముందు అదే అడుగుతాడు. మీరు ఒప్పుకుని తర్వాత బడికి వెళ్తే వాడి లెక్కలో మీరూ చాడీ చెప్పినట్టే, ఇంకెప్పుడూ చెప్పడు. "నీకు చెప్పకుంట ఏ పనీ చెయ్య" అనండి. ఇది మీరు నిలబెట్టుకోగల మాట.

మీ అక్క కొడుకును వదిలెయ్యండి. వాడిని వేగుగా పెట్టుకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది. వాడు చెప్తే వాడికే ప్రమాదం, చెప్పకపోతే మీ ముందు దోషి. "వాడు ఒంటరిగ ఉన్నప్పుడు పక్కన కూసో, అన్నానికి పోయేటప్పుడు తీస్కపో" అని చెప్పండి చాలు. మాట చెప్పమంటే చెప్పలేని పిల్లవాడు ఆ పని మాత్రం చేసి పెడతాడు.

ఫోను సంగతి చాలామందికి తోచదు. హాస్టల్ ఫోను దగ్గర వెనక వరస ఉంటుంది, ఆ వరసలో కొట్టినవాడే నిలబడి ఉండొచ్చు. అక్కడి నుంచి "అంతా మంచిగనే ఉంది" తప్ప ఇంకేం వస్తుంది? ఒక గుర్తు పెట్టుకోండి. "నానమ్మ మోకాలు ఎట్ల ఉన్నది" అని వాడు అడిగితే, ఈ ఆదివారం నాన్నను పంపమని అర్థం. పిల్లలకు ఇట్లాంటివి ఇష్టం. వాళ్ల లోకంలో రహస్యానికి విలువ ఎక్కువ కదా, ఆ విలువను మీ వైపు వాడుకోండి.

ఇక ప్రిన్సిపాల్. వెళ్లాలి (మీ ఇద్దరిలో ఎవరో చివర చెప్తాను), కానీ "మా వాణ్ని కొట్టిన్రు, ఎవడో తేల్చండి" అని వెళ్లకండి. అట్లా వెళ్తే సాయంత్రం అసెంబ్లీలో మైకు పట్టుకుని విచారణ, రాత్రి మీ బాబుకు ఇంకో విడత. రాసిన లేఖ తీసుకెళ్లి, అందినట్టు సంతకంతో నకలు తెచ్చుకోండి. లేఖలో అడగాల్సినవి ఏర్పాట్ల గురించి. రాత్రి డ్యూటీ టీచర్ ఎక్కడ పడుకుంటున్నారు, పదో తరగతి వాళ్లనూ ఎనిమిదో తరగతి వాళ్లనూ ఒకే డార్మిటరీలో ఎందుకు ఉంచారు, స్టడీ అవర్ అయ్యాక లైట్లు ఆర్పేదాకా పిల్లల దగ్గర ఎవరుంటున్నారు, పై క్లాసు వాళ్ల బట్టలు చిన్నవాళ్లు ఉతకడం ఆపారా. మార్పు అందరికీ కలిపి జరిగితే ఎవరి వల్ల జరిగిందో పిల్లలకు తెలియదు. 2014 తర్వాత మన దగ్గర గురుకులాలు బాగా పెరిగాయి, చాలా చోట్ల అద్దె భవనాలు. ఒకే హాల్లో నాలుగు తరగతులు పడుకునే చోట వార్డెన్ ఎంత మంచివాడైనా చూడలేడు. మీరు అడిగేది ఆయనకూ కావలసిందే కావచ్చు.

పేరు వద్దు అన్న సలహా అన్నిటికీ వర్తించదు. బట్టలు విప్పించడం, తాకకూడని చోట తాకడం, ఫోనులో వీడియో తీయడం, డబ్బు తెమ్మని బెదిరించడం, బ్లేడు, లేదా "చచ్చిపోతే బాగుండు" అన్న మాట. వీటిలో ఏది బయటపడినా పైన చెప్పిన ఓపిక పక్కన పెట్టండి. మగపిల్లలకు ఇట్లాంటివి జరగవని మన వైపు గట్టి నమ్మకం. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో చేయించి 2007లో విడుదల చేసిన అధ్యయనంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. అందులో 53.22 శాతం పిల్లలు ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదురైందని చెప్పారు, వాళ్లలో సగానికి పైగా మగపిల్లలే.

లైంగిక నేరాల నుంచి పిల్లలను కాపాడే 2012 పోక్సో చట్టం 18 ఏళ్ల లోపు ఆడ, మగ పిల్లలందరికీ ఒకటే. అట్లాంటి నేరం తెలిసినవాళ్లు పోలీసులకు తెలపడం దాని ప్రకారం తప్పనిసరి. దాచితే ఆరు నెలల దాకా, సంస్థ అధిపతే దాచితే ఏడాది దాకా జైలు. "బడి పేరు పోతుంది, మనలో మనం చూసుకుందాం" అని ఎవరైనా అంటే ఈ మాట గుర్తు చెయ్యండి. బాబు వాంగ్మూలం ఇంటి దగ్గరే తీసుకోవచ్చు, తీసుకునే అధికారి యూనిఫాంలో ఉండకూడదు, బాబు పేరు పేపర్లో రాకూడదు. ఇవన్నీ చట్టంలోనే ఉన్నాయి. చేసినవాడు కూడా 18 లోపు పిల్లవాడైతే ముందు జువెనైల్ జస్టిస్ బోర్డు చూస్తుంది, 21 ఏళ్లు నిండేదాకా పెద్దల జైలుకు పంపరు. "వాని జిందగీ ఖరాబ్ అయితది" అని మీ బాబే భయపడొచ్చు, కాబట్టి ఇది వాడికి కూడా చెప్పండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఏ వేళైనా చేయొచ్చు, వేధింపులకు గురైన ఆడవాళ్లకూ పిల్లలకూ సాయపడే పోలీసు శాఖ భరోసా కేంద్రాలు ఉన్నాయి. మనసు బాగా కుంగినట్టుంటే టెలీ మానస్ 14416లో తెలుగులోనే మాట్లాడతారు, వరంగల్ ఎంజీఎంలో మానసిక వైద్య విభాగం కూడా ఉంది.

సెలవులు అయిపోయి వెళ్లే రోజు పొద్దున కడుపునొప్పి అంటాడేమో చూడండి. జ్వరం లేకపోయినా, ముందు రోజు రాత్రి బాగానే తిన్నా, నమ్మండి. రెండు రోజులు ఉంచుకోండి. ఎనిమిదో తరగతిలో రెండు రోజుల పాఠాలు తర్వాత చదువుకోవచ్చు. ఆ రెండు రోజుల్లో లేఖ పట్టుకుని హాస్టల్‌కు మీ ఆయన వెళ్లాలి, మీరు కాదు. తల్లి వెళ్తే "అమ్మకు చెప్పిండు" అని వాడికే పేరు పెడతారు. తండ్రి వచ్చి డార్మిటరీ అంతా తిరిగి, పక్క మంచాల పిల్లలను పేరుపేరునా పలకరించి, ఇంటి నుంచి తెచ్చిన సకినాలు అందరికీ పంచి వెళ్తే పిల్లలు దాన్ని ఇంకో రకంగా చూస్తారు. కొట్టినవాడికి కూడా రెండు సకినాలు అందనివ్వండి. వాడెవడో మీ ఆయనకు తెలియకపోయినా ఫరవాలేదు, ఈయన మళ్లీ వస్తాడని వాడికి తెలిస్తే చాలు.